మాత్రల మన్నిక - ఉష్ణ విశ్లేషణము ఎంతవరకు ప్రమాణము?

మందు మాత్రల పొట్లముపై రెండు తేదీలు ముద్రింపబడి యుండును. ఒకటి తయారైన తేది, రెండవది గడువు తేది. ఈ రెంటి నడుమ కాలము సాధారణముగా రెండు మూడు సంవత్సరములు. అంతకాలము మాత్ర తన గుణమును కోల్పోక నిలుచునని తయారుచేసినవారు ఇచ్చిన మాటయే ఆ రెండవ తేది. ఆ మాట నిలుచుటపై రోగి ప్రాణము ఆధారపడి యుండవచ్చును. కావున ఏ ఆధారముతో ఆ మాట ఇచ్చిరి అని అడుగుట న్యాయమైన ప్రశ్న.

సూటియైన ఆధారము ఒక్కటే కలదు. మాత్రలను అమ్మకమునకు పోవు పొట్లములోనే ఉంచి, నిర్ణీతమైన వేడిలో, నిర్ణీతమైన తేమలో నెలలు, సంవత్సరములు నిలువచేసి, నడుమ నడుమ తీసి పరీక్షింపవలెను. ఇందుకు కాలము పట్టును, ధనము వ్యయమగును. ఇరువది నిమిషములలో జవాబు చెప్పు యంత్రమొకటి ప్రయోగశాలలో ఉన్నపుడు, దానినే అడిగి తెలిసికొనరాదా యను ఆలోచన ఎవరికైనను కలుగును. ఆ యంత్రమే ఉష్ణ విశ్లేషణ యంత్రము. ఔషధ పరిశోధనలో నేడు దానికి పెద్ద పీట కలదు. దాని పేర వెలువడు పరిశోధన పత్రములకు కొరతలేదు. వాటిలో కొన్ని, రేఖాపటములో ఒక గీత కదలనంతమాత్రమున మాత్ర నిలుకడైనదని తీర్పు చెప్పుచున్నవి.

యంత్రము అబద్ధము చెప్పదు. కాని దాని నడుగు ప్రశ్న వేరు, రోగికి కావలసిన జవాబు వేరు. మాత్ర వేడికి ఎట్లు చలించునో యంత్రము చెప్పును. అల్మారాలోని మాత్ర కాలమునకు, తేమకు ఎట్లు చలించునో రోగికి తెలియవలెను. ఈ రెండును ఒక్కటే యనుకొనుటలో ఎంత న్యాయమున్నదో విచారింపవలసి యున్నది.

యంత్రము చేయు పని

పదార్థమును క్రమముగా వేడిచేయుచు, దానిలో కలుగు మార్పులను కొలుచుటయే ఉష్ణ విశ్లేషణము. దీనికి బీజము వేసినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లె షాటిలియే. 1887 లో ఆయన రకరకముల బంకమట్టిని వేడిచేసి, ఉష్ణోగ్రత పెరుగు తీరులోని తేడాలను బట్టి వాటిని గుర్తింపవచ్చునని చూపెను. 1899 లో ఇంగ్లండు దేశమున రాబర్ట్స్-ఆస్టెన్, పరీక్షింపవలసిన పదార్థమును, వేడికి ఏ మార్పును పొందని మరియొక పదార్థమును ప్రక్కప్రక్కన ఉంచి, రెంటి నడుమ భేదమును మాత్రమే కొలుచు ఉపాయమును కనిపెట్టెను. 1915 లో జపాను దేశీయుడు కొటారో హోండా, కొలిమిలోని పదార్థమును తూచుచుండు త్రాసును నిర్మించెను. అదియే ఉష్ణత్రాసు. 1962 లో అమెరికాలో వాట్సన్, ఓనీల్ అనువారు భేద ఉష్ణమాపకమును రూపొందించిరి. నేటి ఔషధ ప్రయోగశాలలలో విరివిగా కనబడునది ఇదియే.

దీని పని తీరు కష్టమైనది కాదు. గోరంత అల్యూమినియము గిన్నెలు రెండు ఉండును. ఒకదానిలో 3 లేక 5 మిల్లీగ్రాముల పొడి వేయుదురు. రెండవది ఖాళీగా నుంచుదురు. రెంటిని నిమిషమునకు 10 డిగ్రీల చొప్పున వేడిచేయుదురు. గిన్నెలోని పదార్థము కరగునపుడు అదనముగా వేడిని పీల్చుకొనును. అప్పుడు రేఖాపటములో ఒక లోయ ఏర్పడును. వేడిని వెలువరించు రసాయన చర్య జరిగినచో గుట్ట ఏర్పడును. లోయ ఏ డిగ్రీ వద్ద వచ్చినది, ఎంత లోతుగా వచ్చినది అను వివరములనుబట్టి పదార్థపు స్వరూపమును గ్రహింతురు. ఉష్ణత్రాసు దీనికి తోడుగా, ఏ డిగ్రీ వద్ద ఎంత బరువు తగ్గినదో చూపును. గది వేడినుండి 200 డిగ్రీల వరకు పోవుటకు పట్టు కాలము ఇరువది నిమిషములకు మించదు.

నిస్సందేహమైన ప్రయోజనము

విమర్శకు ముందు ఈ పద్ధతికి దక్కవలసిన గౌరవమును దక్కనీయవలెను. ఒకే రసాయన పదార్థము వేర్వేరు స్ఫటిక రూపములను తాల్చుట కలదు. దీనిని బహురూపత యందురు. జ్వరమునకు ఇంటింట వాడు పారాసిటమాల్ ఇందుకు మంచి ఉదాహరణము. దాని సాధారణ రూపము 169 డిగ్రీల ప్రాంతమున కరగును. మరియొక రూపము 157 డిగ్రీల ప్రాంతముననే కరగును. ఈ రెండవ రూపము అచ్చులో నొక్కినపుడు చక్కగా ఒదుగును. కాని దానికి నిలుకడ తక్కువ. అది మొదటి రూపమునకు మారుటకే మొగ్గుచుండును. నీటిలో కరిగించి చేయు రసాయన పరీక్షకు ఈ రెండును ఒక్కటే, ఏలయన కరిగినంతనే స్ఫటిక భేదము మాసిపోవును. ఉష్ణమాపకమున మాత్రము రెండు లోయలు రెండు చోట్ల స్పష్టముగా కనబడును.

స్ఫటికములో దాగిన నీటిని పట్టుకొనుటలో ఉష్ణత్రాసు నేర్పు ఇంకను గొప్పది. మాత్రలలో పూరకముగా వాడు పాలచక్కెర, అనగా లాక్టోజు, ఒక అణువు నీటిని తనతో కట్టుకొని యుండును. ఆ నీరు దాని బరువులో నూటికి 5 వంతులు. పైపైని అంటిన తేమ 100 డిగ్రీల లోపుననే ఆరిపోవును. స్ఫటికములో కట్టుబడిన ఈ నీరు 140 డిగ్రీల ప్రాంతమున గాని వదలదు. సూక్ష్మజీవి నాశకమైన అమాక్సిసిల్లిన్ మూడణువుల నీటితో కూడినది. దానిలో నీటి భాగము నూటికి సుమారు 13 వంతులు. నీరు ఎంత యున్నది అను ప్రశ్నకే గాక, ఎట్లు కట్టుబడి యున్నది అను ప్రశ్నకు కూడ ఉష్ణత్రాసు జవాబు చెప్పును.

మూడవ ప్రయోజనము గాజువంటి స్థితికి సంబంధించినది. నీటిలో సులభముగా కరగని మందులను కొన్నిటిని స్ఫటికము కాకుండ, గాజువలె క్రమము లేని ఘనరూపమున తయారుచేయుదురు. అట్టి ఘనము ఒకానొక ఉష్ణోగ్రత దాటినపుడు మెత్తబడి, తిరిగి స్ఫటికమగుటకు దారితీయును. ఇండోమెథాసిన్ అను నొప్పి మందు గాజురూపమున ఉన్నపుడు ఈ స్థానము సుమారు 42 డిగ్రీలు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలి వేడిమియే ఈ హద్దును దాటుచుండును. ఇట్టి హద్దును ముందుగా తెలుపుట ఉష్ణమాపకము చేయు మేలు. అయితే ఒక హెచ్చరిక కలదు. తేమ సోకినచో ఆ హద్దు ఇంకను క్రిందికి దిగును. పొడిగిన్నెలో కొలిచిన సంఖ్య తడిగాలికి చెల్లదు.

ఇంతవరకు చెప్పినవన్నియు పదార్థము నేడు ఏ స్థితిలో నున్నదో తెలుపు సంగతులు. ఇందు యంత్రమునకు సాటిలేదు. రేపు ఏమగునో కూడ అదియే చెప్పునని నమ్మినపుడు చిక్కు వచ్చును.

జత కుదిరినదా, లేదా?

మాత్రలో మందు ఒక్కటే ఉండదు. బరువు కొరకు లాక్టోజు, కడుపులో విచ్చుకొనుటకు గంజిపిండి, యంత్రపు అచ్చుకు అంటుకొనకుండుటకు మెగ్నీషియం స్టియరేట్ మొదలగునవి కలుపుదురు. ఈ తోడు పదార్థములలో ఏది మందుతో పొసగదో ముందే తెలిసికొనవలెను. ఇందుకు మందును, తోడు పదార్థమును సమభాగములుగా కలిపి ఉష్ణమాపకములో పెట్టుట వాడుక. మందు లోయ తన చోటనే నిలిచినచో జత కుదిరినదనియు, జరిగినను మాసిపోయినను కుదరలేదనియు తేల్చుదురు.

ఈ తీర్పు రెండు విధముల తప్పవచ్చును. మొదటిది నిర్దోషిని దోషిగా నెంచుట. పాలి ఇథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థము 60 డిగ్రీల ప్రాంతముననే కరగును. కరిగిన ఆ ద్రవములో మందు పొడి, తన ద్రవీభవన స్థానము చేరకముందే, చక్కెర పాకములో కలిసిపోయినట్లు కలిసిపోవును. ఇక కరుగుటకు స్ఫటికము మిగులదు కనుక మందు లోయ రేఖాపటమున కనబడదు. ఇచట రసాయన చర్య ఏదియు జరుగలేదు. 30 డిగ్రీల అల్మారాలో ఆ మైనము ఘనముగనే యుండును. అయినను రేఖాపటమును మాత్రమే చూచువారు ఆ జత పనికిరాదందురు. ఉపయోగకరమైన పదార్థము ఒకటి ఈ విధముగా వృథాగా త్రోసివేయబడును.

రెండవది దోషిని విడిచిపెట్టుట. అమీను జాతి మందులు లాక్టోజుతో మెల్లగా కలిసి గోధుమరంగు పదార్థముల నిచ్చును. ఈ చర్యను 1912 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వర్ణించెను. పాలకోవా కాచునపుడు వచ్చు రంగు, కమ్మదనము ఈ చర్య వలన కలుగునవే. వంటింట మేలుచేయు ఈ చర్యయే మందుల పొట్లములో కీడగును. దిగులు వ్యాధికి వాడు ఫ్లూయాక్సెటిన్ లాక్టోజుతో ఇట్టి చర్యకు లోనగునని 1998 లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది. ఈ చర్య తేమను బట్టి, తోడు పదార్థములను బట్టి నెలల తరబడి నడచునది. నిమిషమునకు 10 డిగ్రీల చొప్పున పరుగెత్తు యంత్రము ముందు అది తల ఎత్తకపోవచ్చును. పైగా లాక్టోజు తన నీటిని వదలునపుడు ఏర్పడు లోయ, కరగునపుడు ఏర్పడు లోయ చిన్న సూచనలను కప్పివేయగలవు.

ఆస్పిరిన్ సంగతి ఈ రెంటికి నడిమిది. ఆస్పిరిన్‌తో మెగ్నీషియం స్టియరేట్ కలిపి వేడిచేసినచో దాని లోయ క్రిందికి జరుగును. ఇది హెచ్చరికయే. హెచ్చరిక నిజమైనదే యని వేరు పరీక్షలు కూడ చూపినవి. కొన్ని లోహ స్టియరేట్లు నీటి సమక్షమున ఆస్పిరిన్ విచ్ఛేదమును త్వరపరచునని 1967 లో ప్రకటింపబడిన పరిశోధన వలన తెలిసినది. కాని లోయ జరుగుటకు కారణము రెండు పదార్థములు కలిసి తక్కువ వేడిలోనే కరుగుట. ఆస్పిరిన్ విచ్ఛేదమునకు కారణము నీరు. ఇచట జవాబు సరిపోయినను, దానిని రాబట్టిన దారి వేరు. విద్యార్థి లెక్క తప్పుచేసియు సరియైన సంఖ్య తెచ్చినచో, తెలివిగల ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు ఈయడు.

సమభాగముల మిశ్రమము విషయమున మరియొక ఆక్షేపణ కలదు. మాత్రలో మెగ్నీషియం స్టియరేట్ సాధారణముగా నూటికి ఒక వంతుకు మించదు. పరీక్షలో దానిని సగము చేయుదురు. కూరలో ఉప్పు ఎంత సరిపోవునో తెలియుటకు కూరకు సమముగా ఉప్పు పోసి రుచి చూచుట వంటిదే యిది. అనుమానము తీర్చుకొనుటకు మొదటి వడపోతగా ఇది పనికివచ్చును. తుది తీర్పుగా పనికిరాదు.

పది నిమిషముల నుండి పది నెలలకు

ఉష్ణ విశ్లేషణముపై పెట్టుకొన్న ఆశలన్నిటిలో పెద్దది గడువును లెక్కగట్టుట. 1889 లో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ వేడికి, చర్య వేగమునకు గల సంబంధమును విశదపరచెను. దానిని ఆధారము చేసికొని 1957 లో కిస్సింజర్, 1965 లో ఒజావా మొదలగువారు, వేడిచేయు వేగమును మార్చి మార్చి లోయల గుట్టల స్థానములను కొలిచి, చర్యకు కావలసిన ఉత్తేజన శక్తిని కట్టు మార్గములు చూపిరి. ఈ మార్గములలో దోషము లేదు. వీటిని 150 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు దింపి గడువు తేదిని నిర్ణయించుటలోనే సాహసమున్నది. ఆ సాహసమెంతటిదో ఒక చిన్న లెక్క తెలుపును.

ఒక మందు 150 డిగ్రీలవద్ద పది నిమిషములలో కొంత భాగము చెడినదనుకొందము. దాని ఉత్తేజన శక్తి మోలుకు 100 కిలోజౌలులని ప్రయోగములో తేలినదనుకొందము. అర్హీనియస్ సూత్రము ప్రకారము 30 డిగ్రీలవద్ద అదే చర్య సుమారు 77 వేల రెట్లు మందగించును. అనగా అంతే భాగము చెడుటకు దాదాపు ఒకటిన్నర సంవత్సరము పట్టును. ఇప్పుడు ప్రయోగములో నూటికి 10 వంతుల పొరపాటు జరిగినదనుకొందము. శక్తి నిజముగా 90 కిలోజౌలులైనచో మందగింపు 25 వేల రెట్లు మాత్రమే. మందు ఆరు నెలలలోపుననే ఆ స్థితికి వచ్చును. శక్తి 110 కిలోజౌలులైనచో మందగింపు 2 లక్షల 37 వేల రెట్లు. అప్పుడు నాలుగున్నర సంవత్సరములు పట్టును. కొలతలో చిన్నదిగా తోచు పొరపాటు, గడువులో ఆరు నెలలకు, నాలుగున్నర సంవత్సరములకు నడుమ గల అగాధమగుచున్నది.

ఈ లెక్క కూడ ఒక గొప్ప రాయితీ ఇచ్చి చేసినది. 150 డిగ్రీలవద్ద జరుగు చర్యయే 30 డిగ్రీలవద్ద జరుగునని ఇందు ఒప్పుకొంటిమి. వాస్తవమున అట్లు కాకపోవచ్చును. కరిగి ద్రవమైన మందులో అణువులు స్వేచ్ఛగా తిరుగును. ఘన స్ఫటికములో అవి తమ తమ చోట్ల బందీలు. ద్రవములో సులభమైన చర్య ఘనములో దుర్లభము. ఆస్పిరిన్ సుమారు 135 డిగ్రీలవద్ద కరగుచునే చెడును. ఆ చెడు తీరును చూచి, పొడి స్ఫటికముగా సీసాలో నున్న ఆస్పిరిన్ బ్రతుకును అంచనా కట్టుట నదిలో ఈదువానిని చూచి నేలమీద నడచువాని వేగము చెప్పుట వంటిది.

తేమ చేయు ద్రోహము

పై ఆక్షేపణలన్నిటికంటె బలమైనది తేమకు సంబంధించినది. పొడి గిన్నెలో, పొడి నైట్రోజన్ వాయువు ప్రవాహములో, నిమిష నిమిషమునకు వేడెక్కు పదార్థములోనుండి మొట్టమొదట తప్పించుకొనిపోవునది నీరే. పెక్కు మాత్రలకు ముఖ్య శత్రువు నీరే. శత్రువును ముందుగా బయటికి పంపివేసి, కోట భద్రముగా నున్నదని చాటించినట్లు ఈ పరీక్ష నడచును.

తెలుగువారి ఇండ్లలో ఈ సత్యము తెలియని ఇల్లాలు లేదు. ఊరగాయ ఏడాది నిలుచునో లేదో తెలిసికొనుటకు ఎవరును దానిని పొయ్యిమీద పెట్టి చూడరు. జాడీలో తడి గరిటె పెట్టకుండ కాపాడుదురు. ఆవకాయ మండువేసవిలో పుట్టి వేసవి వేడిని తట్టుకొనును. ఒక్క తడి చేయి సోకినచో బూజుపట్టును. వేడిని తట్టుకొనుట వేరు, తడిని తట్టుకొనుట వేరు.

ఔషధ ప్రపంచములో దీనికి కార్బమాజెపైన్ కథ సాక్ష్యము. ఇది మూర్ఛరోగులకు వాడు మందు. 1953 లో స్విట్జర్లండులో తయారైనది. నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. ఉష్ణమాపకములో దీని సాధారణ రూపము 175 డిగ్రీల ప్రాంతమున కరిగి, వేరొక రూపముగా మారి, తిరిగి 190 డిగ్రీల ప్రాంతమున కరగును. ఇంతటి వేడిని తట్టుకొను మందు గది వేడిలో నిక్షేపముగా నుండునని ఎవరైనను అనుకొందురు. కాని తేమ అధికమైనచోట ఇది అణువునకు రెండు నీటి అణువులను పట్టుకొని వేరొక స్ఫటికమగును. ఈ తడి రూపము నీటిలో తక్కువగా కరగును. మాత్ర గట్టిపడి, కడుపులో త్వరగా విచ్చుకొనదు. మందు రక్తములో చేరవలసినంత చేరదు.

తేమగల చోట్ల నిలువ ఉంచిన కార్బమాజెపైన్ మాత్రలు తమ శక్తిలో మూడవ వంతువరకు కోల్పోవచ్చునని 1990 లో అమెరికా ఆహార ఔషధ పాలన సంస్థ హెచ్చరించినది. స్నానపుగదిలోని అల్మారా వంటి చోట్ల ఈ మాత్రలు ఉంచరాదని చెప్పవలసి వచ్చినది. మూర్ఛరోగికి మందు మూడవ వంతు తగ్గుట యనగా అదుపులోనున్న మూర్ఛ తిరిగి వచ్చుట. అది నీళ్ళ రేవులో రావచ్చును, పొయ్యి ముందట రావచ్చును, నడివీధిలో రావచ్చును. మాత్ర మంచిదే, మోతాదు సరియైనదే, రోగి వేళ తప్పలేదు, అయినను ప్రమాదము తప్పదు. కారణము వెదకువారికి మాత్రపై అనుమానము కలుగుటయే కష్టము. ఏలయన మాత్ర రంగు మారదు, వాసన మారదు, గడువు తేది తీరియుండదు.

ఈ చెడిన మాత్రను కరిగించి రసాయన పరీక్ష చేసినచో మందు నూటికి నూరుపాళ్ళు ఉన్నట్లే తేలును. అణువు చెడలేదు, స్ఫటికము మాత్రమే మారినది. ఇచట ఉష్ణత్రాసు తన ప్రజ్ఞను చూపగలదు. శుద్ధమైన తడి రూపములో నీరు బరువులో నూటికి 13.2 వంతులు. వేడిచేయగా అది 100 డిగ్రీల లోపుననే తగ్గిపోవును. మాత్రలోని గంజిపిండి కూడ తన నీటిని ఆ ప్రాంతముననే వదలును కనుక కొలత చదువుటలో జాగ్రత్త కావలెను. అయినను జరిగిన మార్పును పట్టుకొనవచ్చును.

అదే ఉష్ణమాపకములో తుది లోయను మాత్రము చూచువారు మోసపోదురు. నీరు పోయిన తరువాత మిగిలిన మందు మరల 190 డిగ్రీల ప్రాంతముననే కరగును. మంచి మాత్రకు, చెడిన మాత్రకు తుది లోయ ఒక్కచోటనే వచ్చును. వేడిచేయుటయే నేరపు గురుతులను తుడిచివేసినది. ఒకే యంత్రశాలలో, ఒకే పూట, చూచు కంటిని బట్టి సత్యము దొరకవచ్చును, దొరకకపోవచ్చును. పైగా ఈ మార్పు కనబడవలెనన్నచో మాత్రను ముందు తడిగాలిలో కొన్నాళ్ళు ఉంచియుండవలెను. పెట్టెనుండి అప్పుడే తీసిన క్రొత్త మాత్రను ఎన్నిసార్లు వేడిచేసినను, రాబోవు ఈ ద్రోహమును గూర్చి అది ఒక్క మాట చెప్పదు.

ఇంకను పుట్టని స్ఫటికమును గూర్చి కూడ యంత్రము చెప్పలేదు. ఎయిడ్స్ వ్యాధికి వాడు రిటోనావిర్ 1996 లో అమ్మకమునకు వచ్చినది. రెండేండ్ల తరువాత, 1998 లో, అంతవరకు ఎవరును చూడని స్ఫటిక రూపమొకటి దాని గుళికలలో ప్రత్యక్షమైనది. ఆ రూపము సరిగా కరగదు. గుళికలు కరుగుదల పరీక్షలో తప్పినవి. వాటిని అమ్మకమునుండి ఉపసంహరింపవలసి వచ్చినది. ఇవి మాత్రలు కాకపోయినను నేర్పు పాఠము ఒక్కటే. ఉన్న స్ఫటికమును ఎంత శ్రద్ధగా వేడిచేసినను, రానున్న స్ఫటికము రేఖాపటమున కనబడదు.

తగిన స్థానము

అట్లయినచో ఉష్ణ విశ్లేషణమును విడిచిపెట్టవలెనా? అది అవివేకము. దానికి తగిన స్థానమును ఈయవలెను. ఏ స్ఫటిక రూపము చేతికి వచ్చినది, నీరు ఎంత, ఎట్లు కట్టుబడినది, గాజురూపము ఏ వేడిలో మెత్తబడును, ఏ జతపై అనుమానము పెట్టుకొనవలెను అను ప్రశ్నలతో పని మొదలగును. ఈ ప్రశ్నలన్నియు యంత్రమునకే వేయవలెను. ఆ పిమ్మట నిలువ పరీక్షలో ఏ విషయమును కనిపెట్టియుండవలెనో దాని జవాబులను బట్టి నిర్ణయింపవలెను. నిలువ ఉంచిన మాత్రలను నెలనెల తీసినపుడు మరల అదే యంత్రమును సాక్షిగా పిలువవలెను. సాక్షి చూచినది చెప్పును. జోస్యము చెప్పుమని సాక్షిని కోరుట సాక్షి తప్పు కాదు.

నిలువ పరీక్షకు అంతర్జాతీయముగా అంగీకరింపబడిన నియమములు కలవు. త్వరిత పరీక్షలో మాత్రలను పొట్లముతో సహా 40 డిగ్రీల వేడిలో, నూటికి 75 వంతుల సాపేక్ష ఆర్ద్రతలో ఆరు నెలలు ఉంచుదురు. వేడి, తేమ రెండును హెచ్చుగాగల దేశముల కొరకు 30 డిగ్రీలు, 75 వంతుల ఆర్ద్రతలో దీర్ఘకాలపు పరీక్ష చేయుదురు. ఆయా గడువులలో మాత్రను తీసి మందు పాలు, చెడిన పదార్థముల పాలు, నీటిలో విడుదలయగు వేగము, గట్టితనము కొలుతురు. ఈ నాలుగింటిలో ఒక్కటియు ఉష్ణమాపకమునకు సూటిగా అందునది కాదు. పరీక్షకై మాత్రను నూరి 3 మిల్లీగ్రాములు తీసినపుడే దాని పూత, గట్టితనము, పొట్లపు రక్షణ పోయినవి.

ఉష్ణ విశ్లేషణమునకు దగ్గరి చుట్టమైన మరియొక పద్ధతి ఈ లోటును కొంత పూడ్చగలదు. మాత్రను నిలువ ఉంచు వేడిమికి దగ్గరనే, ఉష్ణోగ్రతను మార్చక స్థిరముగా నుంచి, దానినుండి వెలువడు అత్యల్పమైన వేడిని, వాటులో పది లక్షలవ వంతులలో, రోజుల తరబడి కొలుచు సూక్ష్మ ఉష్ణమాపకములు కలవు. ఇందు తేమను కూడ నిర్ణీతముగా నుంచవచ్చును. 150 డిగ్రీలనుండి దుముకవలసిన పని లేదు. అయితే జరుగు మార్పులన్నిటి వేడి మొత్తముగానే ఇందు కనబడును. ఏ మార్పు వలన ఎంత వచ్చినదో వేరు పరీక్షలతో తేల్చుకొనవలెను. ఏ యంత్రమునకు దాని హద్దు కలదు.

హైదరాబాదు నగరము నేడు ఔషధముల తయారీలో పేరుగన్నది. అచట తయారైన మాత్రలు ఎండకు పేరొందిన ఊళ్ళకును పోవును, ఉప్పు సంచి కూడ నీరు కారు మచిలీపట్టణమువంటి తీరపు ఊళ్ళకును పోవును, సముద్రములు దాటియు పోవును. కళాశాలలలో ఔషధశాస్త్రము చదువు విద్యార్థులు ఉష్ణమాపకముపై పరిశోధన పత్రము వ్రాయునపుడు ఈ దూరమును మరువరాదు. రేఖాపటమున లోయ కదలలేదు అని వ్రాయుటకు వారికి హక్కు కలదు. కనుక మాత్ర రెండేండ్లు నిలుచును అని వ్రాయుటకు మాత్రము నిలువ పరీక్ష చేసిన పిమ్మటనే హక్కు వచ్చును.

పరిశోధకుడు కాని పాఠకునికి కూడ ఇందు ఒక ప్రయోజనము కలదు. గడువు తేది మాత్రకు ఒక్కదానికే ఇచ్చినది కాదు, పొట్లములో నున్న మాత్రకు ఇచ్చినది. రేకు చించి, పది మాత్రలను ముందుగానే ఊడదీసి డబ్బాలో పోసినచో ఆ తేది చెల్లదు. సీసాలో వేసిన చిన్న తేమపీల్చు పొట్లమును పారవేయరాదు. మూతను బిగింపక వదలరాదు. స్నానపుగది, పొయ్యిగట్టు, కిటికీ అంచు మందులకు తగిన తావులు కావు. మూర్ఛ మందు వాడువారు ఈ జాగ్రత్తలను ఆచారముగా పాటింపవలెను.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. ఆ మాట అన్నమునకు చెల్లును, ఏలయన కుండలోని మెతుకులన్నియు ఒకే మంటపై, ఒకే నీటిలో, ఒకే సమయమున ఉడికినవి. అల్యూమినియము గిన్నెలోని చిటికెడు పొడికి, తీరపు పల్లెలో శ్రావణ మాసపు ముసురులో గూటనున్న మాత్రకు అట్టి పొత్తు లేదు. అది ఏర్పడవలెనన్నచో ఆ ముసురును ప్రయోగశాలలోనికి తెచ్చి, మాత్రను దానిలో నిలిపి, ఓపికతో కాచుకొనవలెను. ఆ ఓపికకు బదులుగా చెల్లు యంత్రము నేటివరకు నిర్మింపబడలేదు.